రెండిళ్ల పాట

రైతుబజారులో వంకాయల బుట్ట ముందు నిలబడి ఏడ్చేశాను. పక్కన ఐసు లారీ ఒకటి ఆగి ఉంది. డ్రైవరు ఇంజను ఆపకుండా టీకి పోయాడు. ఆ ఇంజను ఏడు దెబ్బలు కొట్టి, కాస్త తడబడి, మళ్లీ ఏడు కొడుతోంది. ఆ తడబాటు వచ్చినప్పుడల్లా వానలో తడుస్తున్న బస్టాపు ఒకటి నా కళ్ల ముందుకు వస్తోంది. అది సంతోషమో దిగులో తేలడం లేదు గానీ నీళ్లు మాత్రం కారిపోతున్నాయి.

"ఏటమ్మా, పుచ్చొంకాయలు గాని ఏసీసేనేటి?" అంది కూరగాయలమ్మే ఆవిడ కంగారుపడి.

"కాదమ్మా. పాటొచ్చింది," అన్నాను.

ఆవిడ నన్ను చూసింది, లారీని చూసింది. ఇంకో రెండు వంకాయలు పైన వేసి, "ఎండకి తిరక్కు, ఇంటికెల్లు," అని పంపేసింది.

ఆ బస్టాపు నాది కాదు. ఆ ఏడు దెబ్బల మీద ఇష్టమూ నాది కాదు. రెండూ నా మనవరాలు హిమజవి. అంతకు ముందురోజే వాటిని నా తలలో పెట్టారు. ఎందుకు పెట్టారో, తర్వాత ఏమైందో నాకు అర్థమైనంత చెబుతాను. అర్థం కానిది కూడా చెబుతాను, ఎందుకంటే అదే ఎక్కువ.

హిమజ మా అమ్మాయి గౌరి కూతురు. అల్లుడికి ఓడ మీద ఉద్యోగం. ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్ల మీదే ఉంటాడు. అందుకని విశాఖపట్నంలో కంచరపాలెం ఇంట్లో మేం ముగ్గురం ఆడవాళ్లమే. నేను మూడో తరగతితో బడి మానేశాను గానీ విన్నదీ చూసిందీ మర్చిపోయే అలవాటు లేదు. ఎవరి పెళ్లిలో ఏ కూర మాడిందో, ఎవరి బారసాలకి ఎవరు అలిగారో వీధిలో తగువొస్తే నా దగ్గరికే వస్తారు.

హిమజకి పాటల పిచ్చి. రాక్ అంటారట. అందులో ప్రోగ్రెసివ్ అని ఒక రకం, ఆల్టర్నేటివ్ అని ఇంకో రకం. తేడా ఏమిటే అని అడిగితే, "ఒకటి దారి తప్పి ఎక్కడికో పోయి వస్తుంది అమ్మమ్మా. ఇంకొకటి ఇంట్లోనే అలిగి కూచుంటుంది," అంది. వేలకొద్దీ విని, అందులోంచి తొమ్మిది ఏరుకుంది. "పప్పులో రాళ్లు ఏరతారు గానీ రాళ్లలో పప్పు ఏరుతోంది నా కూతురు," అని గౌరి వెక్కిరించేది. తల్లీ కూతుళ్లకి ఆ సౌండు గురించి రోజూ యుద్ధమే.

ఆ పిల్లకి తలనొప్పి మొదలైంది. పరీక్షలు చేయిస్తే కుడిచెవి వెనకాల, లోపల గడ్డ ఉందన్నారు. ప్రాణానికి భయం లేదు గానీ ఉంచితే చూపు పోతుందట. తీసేస్తే ఏమవుతుందో డాక్టరు మల్లిక గారు చెప్పారు. ఆవిడది కొండవార కట్టిన కొత్త ల్యాబు. చిన్న మనిషి, జేబులో ఎప్పుడూ వేరుశనగలు.

"అమ్మా, పాట వినబడుతుంది. మాటలు తెలుస్తాయి. కానీ నచ్చదు. ఏ పాటా నచ్చదు. నచ్చడం అనేది పుట్టే చోటే గడ్డ కూచుంది."

"పాటే కదా!" అంది గౌరి.

హిమజ చెప్పుల్లో కాళ్లు పెట్టేసింది. "అయితే వద్దు. గుడ్డిదాన్నై పాటలు వింటాను."

"ఏటే, తిక్కా?"

"అవి నచ్చని మనిషి ఎవరో లేస్తుందమ్మా నా మంచం మీంచి. దానికి నా పేరు పెట్టుకోండి. నేను మాత్రం రాను."

అప్పుడు మల్లిక గారు మమ్మల్ని పక్క గదిలోకి తీసుకెళ్లి రెండు ఎలుకల్ని చూపించారు. ఒక ఎలుకకి సోంపు అంటే ప్రాణం. గింజ వేస్తే పరిగెత్తుకొస్తోంది. రెండోది వాసన కూడా చూడటం లేదు. రెంటి తలలకీ దారాలతో అల్లినట్టున్న చిన్న టోపీలు తొడిగి మీట నొక్కారు. కాసేపటికి రెండోది సోంపు మీద పడి తింటోంది. మొదటిది గింజని తొక్కుకుంటూ వెళ్లిపోయింది.

"దీన్ని మేం బదిలీ టోపీ అంటాం. ఇది జెరాక్సు కాదమ్మా. ఇష్టం ఒక తలలోంచి లేచి ఇంకో తలలోకి వెళ్తుంది. ఇక్కడున్నది అక్కడ ఉండదు. ఆపరేషన్ ముందు హిమజ ఇష్టాన్ని తీసి దాచి, గాయం మానాక తలలో ఇంకో చోట పెడతాను."

"ఏదైనా పెట్టెలో దాచకూడదా?" అంది గౌరి.

"దాచి చూశాం. మర్నాటికి చచ్చిపోతోంది. బతికున్న తల కావాలి. రక్తసంబంధమైతే ఇంకా మంచిది."

గౌరి అప్పటికప్పుడు కూచుంది. టోపీ పెట్టారు, మీట నొక్కారు. హిమజ తలలోంచి ఏదీ కదల్లేదు. మల్లిక గారు తెర వైపు చూసి మెల్లిగా నవ్వారు. "మీకు ఆ పాటలంటే పగ ఉందమ్మా. పగ ఉన్న చోట ఇది దిగదు."

"పగేటండీ, చెవులు పోతే ఉండదేటి!"

మిగిలింది నేను. నాకు ఆ పాటలతో తగువు లేదు, పొత్తూ లేదు. హిమజ నా పక్కన కూచుని నా చెయ్యి పట్టుకుంది. దాని చెయ్యి చల్లగా ఉంది. "జాగ్రత్తగా ఉంచుతావా అమ్మమ్మా?"

"నీ పాల గ్లాసు మూతలే దాచేను. ఇవి దాచనేటి?"

ఒక్కో పాటా పెట్టారు. అది వింటోంది, నేను వింటున్నాను. మొదట నాకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టుంది. ఉన్నట్టుండి ఆ రాళ్లు ఒక వరసలో పడ్డాయి. అయ్యో, ఇంత బాగుందేమిటి అనుకునేసరికి పక్కన హిమజ మొహం కొళాయి కట్టేసినట్టు అయిపోయింది. ఒకటి ఎక్కితే ఒకటి దిగింది. తొమ్మిదీ అయ్యాక అది లేచి, "ఇక కోసుకోండి," అని ఆపరేషన్‌కి వెళ్లిపోయింది.

వెళ్లేముందు మల్లిక గారిని అడిగాను. "ఎలగ ఉంచాలమ్మా వీటిని?"

"ఊరికే ఉంచండి. మీవి వాటితో కలపకండి. పక్కింటివాళ్లు ఊరెళ్తూ మీ దగ్గర పెట్టిన సామాననుకోండి, చాలు."

చాలు అన్నారు గానీ, తొమ్మిది పాటలతో కాపురం చెయ్యడం అంత తేలికేమీ కాదు. వాటి ఇంగ్లీషు పేర్లు నా నోరు తిరగవు. నేనే పేర్లు పెట్టుకున్నాను. ఏడు దెబ్బల పాట. గొణుగుడు పాట, అందులో పాడేవాడు పళ్ల డాక్టరు దగ్గర కూచున్నట్టు పాడతాడు. మాటల్లేని పాట. కోపం పాట. అన్నిటికంటే పెద్దది రెండిళ్ల పాట. సగం దాకా ఒక గిటారు సన్నగా, ముసలమ్మ వత్తి చేసుకుంటున్నట్టు నడుస్తుంది. ఉన్నట్టుండి మొత్తం ఆగిపోతుంది. అయిపోయిందేమో అని లేవబోతే డప్పులన్నీ ఒక్కసారి మీద పడి, వేరే ఇంట్లోకి వచ్చిపడ్డట్టు ఉంటుంది. హిమజకి ఆ మధ్యలో ఆగడమే ఇష్టం. ఏమీ లేని చోట అంత ఇష్టం ఎలా పట్టిందో నా తలలో ఉన్నా నాకు తెలియలేదు.

ఇష్టాలతో పాటు అవి పుట్టిన చోట్లు కూడా వచ్చాయి. గొణుగుడు పాటలో కాలేజీ మెట్లు. కోపం పాటలో మా డాబా మీది నీళ్ల ట్యాంకు, దాని వెనక దాక్కుని ఏడుస్తున్నట్టు గొంతులో మంట. అది ఏడుస్తుంటే కింద గదిలో నేను పప్పు రుబ్బుతూనే ఉండి ఉంటాను. ఇంత దగ్గరగా ఉండి ఏమీ తెలియలేదే అనిపించింది. పుస్తకంలో ఎవరి ఉత్తరమో దొరికినట్టు సిగ్గుగా కూడా ఉండేది. ఆ చోట్లలోకి తొంగి చూడకుండా పక్కకి తిరిగిపోవడం నేర్చుకున్నాను.

గౌరి నన్ను వింతగా చూసేది. "అమ్మా, కూరలో ఉప్పేసేవా?"

"ఉండవే, డప్పులాడు వస్తన్నాడు."

"దేవుడా! ఒకర్ని పంపితే ఇంకొకరు తయారయ్యేరు."

ఆపరేషన్ బాగా జరిగింది. హిమజ ఇంటికొచ్చింది. తల గుండు, చెవి వెనకాల కుట్లు. చూపుకి ఏమీ కాలేదు. పెట్టింది తింటోంది. పిలిస్తే పలుకుతోంది. తల్లితో ఒక్క తగువు కూడా పడటం లేదు. గౌరి టీవీలో సీరియల్ పెద్ద సౌండు పెట్టి కావాలనే రెచ్చగొట్టింది. "బాగుందమ్మా," అంది పిల్ల.

గౌరి వంటింట్లోకి వచ్చి నా భుజం మీద తల పెట్టేసింది. "బాగుందంట అమ్మా! సీరియల్ బాగుందంట!"

ఒకరోజు నేనే ఏడు దెబ్బల పాట పెట్టాను. హిమజ మర్యాదగా చివరిదాకా వింది. "శబ్దం వినిపిస్తోంది అమ్మమ్మా. అంతే. ఇది నేనే ఏరుకున్నానా?" అంది. చేతులు ఒడిలో పెట్టుకుని, మన ఇంటికి మొదటిసారి వచ్చిన చుట్టంలా కూచుంది. అప్పుడు నాకు భయమేసింది. అది గడ్డను చూసి భయపడలేదు, దీనికే భయపడింది అని అప్పటికి తెలిసింది.

గాయం మానింది. తిరిగి ఇచ్చే రోజు వచ్చింది. రెండు కుర్చీలు, రెండు టోపీలు, మధ్యలో గాజు తలుపు. మల్లిక గారు అటువైపు నుంచి మైకులో, "మొదటిది తలుచుకోండి అమ్మా," అన్నారు.

తలుచుకున్నాను. ఏడు దెబ్బలు నాలోంచి లేచాయి. బస్టాపూ, వానా లేచాయి. వెళ్లిపోబోతుంటే నా చెయ్యి ఊరుకోలేదు. పక్కింటి సామాను అన్నారు కదా ఆవిడ. మా ఇంట్లో పక్కింటి గిన్నెని తోమి ఖాళీగా తిరిగిచ్చే అలవాటు మా అమ్మమ్మ నాటి నుంచీ లేదు. గుప్పెడు పంచదారో, నాలుగు పచ్చిమిరపకాయలో, ఏమీ లేనినాడు రెండు కరివేపాకు రెమ్మలో వేసి ఇస్తాం. ఖాళీ గిన్నె చేతికిస్తే ఇక నీకూ నాకూ చెల్లు అని అర్థం. నా మనవరాలికి నేను అలా ఇస్తానా? ఆ మాట నేను అనుకున్నానని కూడా అనుకోను. చెయ్యి అదే వెళ్లింది. పాటలో నా దగ్గరున్నది కాస్త పెట్టి పంపాను.

తొమ్మిదింటిలోనూ పెట్టాను. ఏం పెట్టానో ఇప్పుడు నన్నడిగితే చెప్పలేను. పెట్టిన సంగతి గుర్తుంది, పెట్టినది గుర్తు లేదు. పంచదార కొంచెం తీస్తే డబ్బాలో మిగతాది ఉంటుందనుకున్నాను. ఆ టోపీకి కొంచెం తియ్యడం తెలియదు.

గాజు తలుపు అవతల హిమజ ఒక్కసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మల్లిక గారు పాట వేశారు. పిల్ల ఏడుస్తూ నవ్వుతూ, "వచ్చింది! అమ్మా, వచ్చేసింది!" అని కుర్చీలో ఎగిరింది. ఇంటికొచ్చాక తలుపులు అదిరేలా కోపం పాట పెట్టింది. గౌరి రెండు చెవులూ మూసుకుని, కళ్లు తుడుచుకుంటూ, "తగ్గించే, దరిద్రగొట్టుదానా!" అని ఎంత ముద్దుగా తిట్టిందో.

తర్వాత వింతలు మొదలయ్యాయి. అన్నం తింటూ హిమజ తల్లితో, "చిన్నప్పుడు నా వేలు కొరికేశావు కదమ్మా. మొదటి పన్ను. ఎంత నొప్పో!" అంది.

"నీ వేలు నేను కొరకడమేటే? నేను నిన్ను కన్నానా, నువ్వు నన్ను కన్నావా?"

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. గౌరికి మొదటి పన్ను ఎప్పుడొచ్చిందా అని వెతుక్కుంటే నాకు ఏమీ దొరకలేదు. ఆ చోట గోడకి సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. ఇంకోరోజు హిమజ చింతచిగురు చూసి, "సూరమ్మ నా జడ పట్టుకు లాగింది," అని రుసరుసలాడింది. సూరమ్మ నా చెల్లెలు. పోయి చాలా కాలమైంది. హిమజ దాన్ని చూడలేదు.

ఇవన్నీ చిన్నవి, పోతే పోయాయి అనుకోవచ్చు. కానీ సాయంత్రాలు వేరుగా ఉండేవి. పొద్దు వాలేసరికి హిమజ లేచి వెళ్లి గుమ్మంలో నిలబడేది. చేతిలో ఏ పనీ లేదు. సందు మొదలు వైపు చూసేది. వీధి దీపాలు వెలిగాక మొహం చిన్నదై లోపలికి వచ్చేది. గౌరి ఒకరోజు అడిగేసింది. "ఎవరికోసమే? ఎవడైనా కుర్రాడా?"

"కాదు. ఈల వినబడలేదు ఇంకా."

గౌరి చేతిలో చాట కింద పెట్టింది.

మా ఆయన రేవులో క్రేను నడిపేవాడు. హిమజ పుట్టకముందే గుండెనొప్పితో పోయాడు. పని నుంచి వస్తూ సందు మొదట్లోంచి ఈల వేసేవాడట. 'అట' అంటున్నాను చూడండి. ఇది గౌరి చెబితే రాస్తున్నాను. ఆ రోజు గౌరి నా మొహం పట్టుకుని, "అమ్మా, నాన్న ఈల గుర్తుందా నీకు? కాసింత సాగదీసి, ఆఖర్న పైకెత్తీవోడు?" అంది.

"ఈలేటే? ఎవరి ఈల?" అన్నాను.

ఫొటోలో మనిషి ఎవరో తెలుసు. పెళ్లి తెలుసు, పోయిన రోజు తెలుసు. కర్మకాండకి ఎవరెవరు వచ్చారో, ఎవరు భోజనానికి ఆగలేదో కూడా తెలుసు. కానీ ఆ మనిషి వస్తుంటే నాకెలా ఉండేదో మాత్రం నా దగ్గర లేదు. లేదని బాధ కూడా రావడం లేదు. లేనిదాని కోసం ఎలా ఏడవాలో తెలియక గౌరి ఏడుస్తుంటే దాని వీపు నిమురుతూ కూచున్నాను.

రెండిళ్ల పాట మధ్యలో ఆగే చోట ఖాళీగా కనబడి ఉంటుంది నాకు. అక్కడ పెట్టేశాను కాబోలు.

మళ్లీ ల్యాబుకి వెళ్తే మల్లిక గారు తెర మీద చూసి తల పట్టుకున్నారు. "మీవి కలపొద్దన్నాను కదమ్మా."

"కలపలేదమ్మా. పెట్టేను."

ఆవిడ కోప్పడలేదు. కుర్చీలో కూలబడి వేరుశనగలు తీసి, తినకుండా చేతిలో అలాగే ఉంచుకున్నారు. "పక్కింటి సామాను అన్నది నేనే. మా అత్తగారింట్లో కూడా ఖాళీ గిన్నె ఇవ్వరు. నాకెందుకు తోచలేదో."

తర్వాత విషయం చెప్పారు. పాటా ఈలా ఒకదానికొకటి అతుక్కుపోయాయి, విడదియ్యడం కుదరదు. తిరిగి నాకు పెడితే రెండూ కలిసే వస్తాయి. అప్పుడు హిమజకి రెండిళ్ల పాట పోతుంది. కోత పడ్డ తలలో ఒకసారి తీసిన చోట అదే పాట మళ్లీ పట్టదు. పైగా ఒక్కదాన్ని లాగితే, వేరు పట్టి ఉండకపోతే, మిగతావన్నీ దండలో పూలలా జారిపోవచ్చు. అంటే పిల్ల మళ్లీ ఆ చుట్టంలా కూచుంటుంది. తల లోపలి కుట్లు పూర్తిగా కలిసిపోయేలోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి.

"తియ్యొద్దు. నాకు ఆ పాట కావాలి. ఈల కూడా కావాలి," అంది హిమజ.

"గుంటా, అది నా పసుపూ కుంకం పోయిన ఏడుపే. నీ ఈడుకి అదెందుకు?"

"ఏడుపొక్కటే అనుకుంటున్నావా? ఈల వినబడగానే పొయ్యి దగ్గర నువ్వు చెయ్యి తుడుచుకుంటావు. ఆలస్యమైందని కోపంగా ఉంటావు. గుమ్మం దాకా వచ్చేసరికి కోపం ఉండదు. ఆ నాలుగడుగులూ ఎంత బాగుంటుందో నీకు తెలీదు అమ్మమ్మా."

నాకు తెలియదట! నా మొగుడితో నేనెంత బాగున్నానో నా మనవరాలు నాకు చెబుతోంది. నాకు నవ్వొచ్చింది. అసూయ కూడా వచ్చింది. ఎవరి మీద అసూయ పడాలో తెలియలేదు. ఆ చెయ్యి తుడుచుకున్న మనిషి మీదా, చెబుతున్న ఈ పిల్ల మీదా?

"మరి ఆయన రాడు కదే," అన్నాను.

"రాడు," అంది హిమజ. "రోజూ రాడు."

అప్పటిదాకా గోడకి ఆనుకుని ఉన్న గౌరి ముందుకొచ్చింది. "నాన్న పోయేక ఏడాది పొడుగునా అమ్మ అలగే గుమ్మంలో నిలబడీది. నేను చూసేను. మళ్లీ నిన్నలగ చూడలేను. నీ పాటలన్నీ ఎంత సౌండైనా పెట్టుకోయే, నేనేటీ అనను. ఆ గుమ్మంలోంచి మాత్రం రాయే తల్లీ."

హిమజ తల్లి వైపు తిరిగింది. "ఎంత సౌండైనానా?" అంది.

"అంటే... తలుపేసుకుని."

మల్లిక గారు ముందు ఒక పరీక్ష చేస్తామన్నారు. హిమజ ఎప్పుడూ వినని పాటలు వేస్తారు. వాటిలో ఏదైనా దానంతట దానికి నచ్చితే, కొత్త చోట ఇష్టం పుడుతోందన్నమాట. వేరు పట్టినట్టే. అప్పుడు లాగినా మిగతావి జారవు. ఏదీ నచ్చకపోతే లాగరు. పిల్ల జీవితాంతం సాయంత్రాలు గుమ్మంలో నిలబడవలసిందే.

పాటలు వేశారు. "బాగోలేదు," అంది హిమజ. ఇంకోటి. "ఇదీ బాగోలేదు." మరొకటి. "ఛీ." గౌరి దేవుళ్లందరినీ వరసపెట్టి పిలుస్తోంది. మల్లిక గారు మాత్రం నవ్వుతున్నారు. "మొన్న సీరియల్ కూడా బాగుందంది కదమ్మా. ఛీ అనడం మంచిదే."

మంచిదెలా అవుతుందో నాకు అర్థం కాలేదు. ఒక పాటలో పాడేవాడు అరుస్తున్నాడు. ఇంకోదానిలో పాడేవాడు లేడు. అన్నీ నాకు ఒక్కలాగే ఉన్నాయి. తొమ్మిదీ నా దగ్గర్నుంచి వెళ్లిపోయాక ఆ రాళ్లు మళ్లీ డబ్బాలో రాళ్లే అయిపోయాయి.

కాసేపటికి ఏదో మొదలైంది. ఇనప షట్టరు పైకెత్తుతున్నట్టు గరగరమంటూ, దాని వెనకాల ఎవరో ఆడపిల్ల నిద్రలో కబుర్లు చెబుతున్నట్టు. హిమజ కాలి బొటనవేలు కదిలింది. పాట అయిపోయింది. అది కళ్లు తెరవకుండానే, "మళ్లీ వెయ్యండి," అంది.

మల్లిక గారు లేచి నిలబడ్డారు. "ఎందుకు నచ్చింది?"

"తెలీదు."

"ఏమైనా కనిపించిందా? అమ్మమ్మ, తాతగారు, ఊరు, ఏదైనా?"

"ఏమీ లేదు. ఊరికే నచ్చింది. మళ్లీ వెయ్యండి మేడమ్, మాట్లాడకండి."

గౌరి ల్యాబులో నేల మీద కూచుని దణ్ణం పెట్టింది. ఆ పాట ఎవరు పాడారో గానీ, అంత ఘోరమైన చప్పుడుకి అంత భక్తిగా దణ్ణం పెట్టినవాళ్లు ఇంకెక్కడా ఉండరు.

ఆ వారంలోనే మళ్లీ రెండు కుర్చీలూ వేశారు. ఈసారి టోపీ పెట్టుకునేముందు హిమజ నా దగ్గరకొచ్చింది. "బాధొస్తుంది అమ్మమ్మా. ఇప్పుడు నీకేమీ లేదు. హాయిగా ఉన్నావు. తీసుకున్నాక ఉండవు."

"తెల్సు."

"తెలీదు. నాకు తెలుసు."

"అయితే ఏటి చెయ్యమంటావే?"

అది నా తలకి టోపీ తొడిగి నుదుటి మీద సరిచేసింది. "నాలుగడుగులూ మెల్లిగా నడు," అంది.

గిటారు సన్నగా మొదలైంది. ఎక్కుతోందో లేదో అనుకుంటున్నాను. డబ్బాలో రాళ్లు వరసలో పడ్డాయి. తర్వాత అంతా ఆగిపోయింది. ఆగిన చోట, ఎక్కడో దూరంగా, సందు మొదట్లో, కాస్త సాగదీసి, ఆఖర్న పైకి ఎత్తి...

అది ఎలా ఉందో నేను రాయను. నాలుగడుగులూ నడిచాను. ఐదో అడుగులో ఆయన లేడు. ఆయన పోయి ఎన్నో ఏళ్లయింది. కానీ నాకు మాత్రం ఆ కుర్చీలోనే, అప్పుడే పోయాడు. గౌరి, మల్లిక గారు చెరో చెయ్యీ పట్టుకుంటే గొంతు పగిలేలా ఏడ్చాను. గాజు తలుపు అవతల హిమజ తేలికపడ్డ మొహంతో, ఎందుకో తెలియని జాలితో నన్ను చూస్తోంది.

మిగతా పాటలు దానికి జారిపోలేదు. వాటిలో నేను పెట్టినవి అలాగే ఉన్నాయి. ఉండనీ. చింతచిగురు తగువు ఎవరి తలలో ఉంటేనేం. నా వేలు కొరికిన సంగతి గౌరి కూతురే గౌరికి చెప్పి నవ్విస్తోంది. గరగరల పాట తలుపేసుకుని పెడుతోంది. తలుపు వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే. గౌరి ఇచ్చిన మాట తప్పి రోజూ అరుస్తూనే ఉంది.

నాకు తేలనిది ఒకటుంది. ఆ పాట మధ్యలో ఆగినప్పుడు నాకు రెండు కలుగుతాయి. ఒకటి నా మొగుడు వస్తున్నాడన్న ఆనందం. దాని పక్కనే ఇంకొకటి, ఏ కారణమూ లేకుండా ఉత్త ఖాళీని చూసి పులకరించే పంతొమ్మిదేళ్ల ఆనందం. అది హిమజది. దానికిక లేదు. రెంటిలో ఏది ముందు వస్తుందో, ఏది నన్ను ఏడిపిస్తుందో ఇంతవరకు చూసుకోలేకపోయాను. చూసుకునేలోపు డప్పులు వచ్చిపడతాయి.

నిన్న సాయంత్రం హిమజ ఫోనులోనే ఆ పాట పెట్టించుకున్నాను. గుమ్మం దగ్గర పీట వేసుకుని కూచున్నాను. అది నా పక్కన కూచుని వింటూ మొహం చిట్లించింది.

"ఇదా? ఇందులో నాకేం నచ్చింది అమ్మమ్మా? వత్తులు చేసుకుంటున్నట్టుంది."

"మాట్లాడకు."

గిటారు ఆగిపోయింది.

"అయిపోయింది," అని ఫోను అందుకోబోయింది.

నేను దాని చెయ్యి పట్టుకుని ఆపాను. "ఉండవే. ఇంకా అవలేదు."